నా లెవెల్ 4 నుంచి 5 అయింది

పోయిన నెల ఒక బుధవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ ఫోన్ తీసి చూస్తే, పూల్ (బిలియర్డ్స్, స్నూకర్ లాంటి టేబుల్ ఆట) లీగ్ యాప్‌లో నా పేరు పక్కన ఎప్పుడూ ఉండే 4 లేదు, 5 ఉంది. రెండేళ్ళ నుంచి ఆ 4 చూసి చూసి అలవాటైపోయింది కదా, కారు స్టార్ట్ చెయ్యకుండా కాసేపు అలాగే కూర్చుని దాన్నే చూశాను. రాత్రి అమ్మకి ఫోన్ చేసినప్పుడు చెప్పాను. "ఎంతకి ఎంత?" అంది. "ఏడుకి అయిదు" అన్నాను. "మంచిదే, ఇంకా రెండున్నాయిగా" అంది. ఎంసెట్ ర్యాంకులు చూస్తూ పెరిగిన ఇల్లు మాది. అంకె మారిందంటే అది మంచికో చెడుకో వెంటనే తేలిపోవాలి, మారింది మంచి వైపైతే ఇంకొంచెం మారాలి.

తర్వాతి మంగళవారం ఆటకి వెళ్తే మా టీమ్ వాళ్ళందరూ భుజం తట్టారు. మా కెప్టెన్ కూడా తట్టాడు, తట్టి పక్కకి వెళ్ళి పేపర్ మీద కూడికలు మొదలుపెట్టాడు. మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడు. నా అంకె పెరగడం వల్ల ఆ రోజు మా టీమ్‌కి ఒక చిక్కొచ్చి పడింది. ఇది అమ్మకి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఈ మధ్య పూల్ లీగుల్లో చేరుతున్నారు. చేరిన ప్రతివాళ్ళూ మొదటి నెలలో అడిగేది ఇదే: "ఈ నంబరేంటి, ఎలా వస్తుంది, ఎక్కువుంటే మంచిదా తక్కువుంటే మంచిదా?"

నేను మంగళవారాలు ఆడేది ఏపీఏలో. అంటే అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్. టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళు 1979లో మొదలుపెట్టిన లీగ్ అది, ఇప్పుడు ఆఫీసు మిస్సోరీ రాష్ట్రంలో ఉంది. అక్కడ ఆడేది ఎయిట్‌బాల్: ఒకరికి నిండు రంగు బాల్స్, ఇంకొకరికి చారల బాల్స్ (స్ట్రైప్స్), తనవన్నీ వేసి చివర్లో 8 నంబర్ బాల్ వేసినవాడిదే గేమ్. ఇందులో ప్రతి ఆటగాడికీ 2 నుంచి 7 దాకా ఒక స్కిల్ లెవెల్ ఉంటుంది. 2 అంటే ఇప్పుడిప్పుడే క్యూ (బాల్‌ని కొట్టే కర్ర) పట్టుకోవడం నేర్చుకుంటున్నవాళ్ళు, 7 అంటే బ్రేక్ (గేమ్ మొదలుపెట్టే దెబ్బ) చేసి టేబుల్ మొత్తం ఒక్క టర్న్‌లో ఊడ్చేయగలవాళ్ళు. ఇద్దరు ఎదురుపడినప్పుడు ఎవరు ఎన్ని గేములు గెలవాలో ఒక పట్టిక చెప్తుంది. 5కీ 5కీ పడితే ఇద్దరూ చెరో 4 గెలవాలి, ముందు ఎవరు చేరితే వాళ్ళది మ్యాచ్. 7కీ 2కీ పడితే 7 వాళ్ళు ఏడు గెలవాలి, 2 వాళ్ళు రెండు గెలిస్తే చాలు. నేను 4గా ఉన్నప్పుడు 3 లెవెల్ వాళ్ళతో పడితే నేను మూడు, వాళ్ళు రెండు. ఇప్పుడు 5 అయ్యాను కాబట్టి నేను నాలుగు గెలవాలి, వాళ్ళకి మాత్రం అదే రెండు.

మా కెప్టెన్ కూడికల సంగతి దీనికి పైన ఇంకొకటి. టీమ్‌లో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు, కానీ ఒక రాత్రి ఆడేది అయిదుగురు, ఆ అయిదుగురి లెవెల్స్ కలిపితే 23 దాటకూడదు. మాది చాలా రోజులుగా 7, 5, 4, 4, 3. కూడి చూడండి, సరిగ్గా 23. అందులో ఒక 4 నేను. నేను 5 అయ్యేసరికి 24. అంటే ఎవరో ఒకరు కూర్చోవాలి, వాళ్ళ బదులు ఇంకా కొత్తవాళ్ళెవరైనా ఆడాలి. టీమ్ నిండా హేమాహేమీల్ని పోగేసి ఊరి మీద పడకుండా ఈ రూల్ పెట్టారు. నాకు మొదట్లో ఇది చికాకుగా ఉండేది. బాగా ఆడటం నేర్చుకుంటే టీమ్‌కి నష్టమా అనిపించేది. ఇప్పుడు అలా అనిపించడం లేదు, ఎందుకో చెప్తాను.

చిన్నప్పుడు మా వీధిలో క్రికెట్ ఆడుతుంటే మా పక్కింటి పెద్దమ్మ వాళ్ళ చిన్నోణ్ణి కూడా ఆడించమని పంపేది. వాణ్ణి ఆటలో అరటిపండు అనేవాళ్ళం. వాడు అవుటైనా అవుట్ కాదు, వాడు కొట్టిన పరుగు పరుగు కాదు. వాడికి బ్యాట్ ఇచ్చేవాళ్ళం, ఆట మాత్రం ఇవ్వలేదు. ఎవరైనా సరిగ్గా గమనించి ఉంటే వాడి మొహంలో అది కనిపించేది. తర్వాత ఇంజినీరింగ్ రోజుల్లో హైదరాబాద్‌లో స్నూకర్ పార్లర్‌కి వెళ్ళినప్పుడు ఇంకో పద్ధతి చూశాను. అక్కడ రోజూ ఆడే ఒక అన్న ఉండేవాడు, మాలాంటివాళ్ళు ఎదురొస్తే "ముప్పై పాయింట్లు తీస్కో తమ్మీ" అనేవాడు. స్కోరు బోర్డు మీద ముప్పై ముందే వేసుకుని మొదలుపెట్టేవాళ్ళం. ఆ ముప్పైతో ఆయన మీద చెమట పట్టేలా ఆడాను, ఆయనకీ పట్టింది. ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలి కాబట్టి ఎవరూ ఊరికే ఆడేవాళ్ళు కాదు. ఆ ముప్పై ఆయన నోటిలెక్క. ఇక్కడ లీగ్‌లో జరిగేదీ అదే పని, కాకపోతే ఆ లెక్క ఒక మనిషి అంచనా మీద కాకుండా రాసిపెట్టిన ఆటల మీద నడుస్తుంది.

మా టీమ్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు, స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆవిడ లెవెల్ 2. పోయిన సీజన్‌లో ఒక రాత్రి ఆవిడకి ఎదురుగా 7 లెవెల్ మనిషి పడ్డాడు. ఆయన వరసగా నాలుగు గెలిచాడు, అయిదోది ఈవిడ గెలిచారు, తర్వాత ఆయన మళ్ళీ రెండు. ఆరూ ఒకటి. చూసేవాళ్ళకి ఏకపక్షంగా కనిపిస్తుంది, నిజానికి ఇద్దరికీ ఒక్కొక్క గేమే మిగిలింది. చివరి గేమ్‌లో ఆయన తన బాల్స్ అన్నీ వేసేసి 8 దగ్గరికొచ్చి బ్యాంక్ షాట్ (బాల్‌ని టేబుల్ అంచుకి తగిలించి తిప్పి వేయడం) ప్రయత్నించాడు, 8 బాల్ పాకెట్ అంచు దాకా వచ్చి ఆగింది. ఈవిడకి ఒక స్ట్రైప్ మిగిలుంది, దాని తర్వాత ఆ అంచున ఉన్న 8. ఆవిడ చాక్ పట్టుకుని టేబుల్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. బార్‌లో టీవీ చూసేవాళ్ళు కూడా ఇటు తిరిగారు. స్ట్రైప్ నెమ్మదిగా పడింది, 8 మీద చెయ్యి వణకడం నాకు కనిపించింది, అయినా పడింది. ఆ 7 లెవెల్ ఆయన వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. ఆయన ఆ రాత్రి నిజంగా ఆడాడు, నిజంగా ఓడాడు. పట్టిక లేకపోతే ఆ ఇద్దరూ ఒక టేబుల్ దగ్గర నిలబడే అవకాశమే లేదు, నిలబడ్డా ఆవిడ అరటిపండే.

ఇంతకీ ఆ అంకె ఎలా వస్తుందంటే, ఏపీఏ తన పూర్తి లెక్క బయటపెట్టదు. కానీ స్కోర్ షీట్ రాసే ఎవరికైనా ముడిసరుకు ఏంటో తెలుస్తుంది: గెలుపోటములతో పాటు ఇన్నింగ్స్, డిఫెన్సివ్ షాట్స్. ఇన్నింగ్స్ అనగానే మనకి క్రికెట్ గుర్తొస్తుంది కానీ ఇక్కడ ఇద్దరి టర్న్‌లూ ఒకసారి పూర్తయితే ఒక ఇన్నింగ్. నేను గేమ్ గెలవడానికి మూడు ఇన్నింగ్స్ పట్టిందా, పన్నెండు పట్టాయా అన్నది ముఖ్యం. బాల్ వేసి తర్వాతి బాల్‌కి పొజిషన్ తెచ్చుకోగలిగినవాడు తక్కువ టర్న్‌లలో ముగిస్తాడు, కొత్తవాడు ఒకటి వేసి, ఒకటి మిస్ చేసి, కూర్చుని, మళ్ళీ లేచి అలా లాగుతాడు. అందుకే ఇద్దరూ ఒకే స్కోరుతో గెలిచినా వాళ్ళ అంకెలు వేరుగా కదులుతాయి.

డిఫెన్సివ్ షాట్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బాల్ వేసే ఉద్దేశమే లేకుండా ఎదుటివాడికి కష్టమయ్యేలా క్యూ బాల్‌ని (క్యూతో కొట్టే తెల్ల బాల్‌ని) దాచిపెడితే అది డిఫెన్స్. అది మిస్ కాదు, మంచి ఆట. దాన్ని విడిగా రాయకపోతే, తెలివిగా డిఫెన్స్ ఆడేవాడికి ఇన్నింగ్స్ పెరిగి వాడు బలహీనుడిలా కనిపిస్తాడు. సరే, కానీ ఉద్దేశం అనేది మనసులో ఉండేది కదా, స్కోర్ రాసేవాడికి ఎలా తెలుస్తుంది? చూసి తెలుసుకోవాల్సిందే. నేను మొదటి ఆర్నెల్లు స్కోర్ రాయమంటే భయపడేవాణ్ణి, తర్వాత మా టీమ్‌లోని గుంటూరు అన్న పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. "వాడి చూపు ఎటుందో చూడు తమ్ముడూ. పాకెట్ వైపు ఒక్కసారైనా చూశాడా? బాల్‌ని అంత మెల్లగా ఎందుకు కొట్టాడు? అదీ డిఫెన్సే, గీత పెట్టు" అనేవాడు. ఆట చూడటం నాకు అలా వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే నేను మొదట చెప్పేది స్కోర్ రాయమనే. ఒక సీజన్ రాస్తే టేబుల్ మీద ఏం జరుగుతోందో కనిపించడం మొదలవుతుంది.

ఆ గీతకి ఇంకో పని కూడా ఉంది. కావాలని మిస్ చేసేవాళ్ళని పట్టుకోవడం. దీన్ని ఇక్కడ శాండ్‌బ్యాగింగ్ అంటారు: వచ్చిన ఆట దాచుకుని, తక్కువ ఆడి, అంకె తక్కువగా ఉంచుకుని, పెద్ద బహుమతి ఉన్న చోట అసలు ఆట బయటికి తీయడం. గెలవాల్సిన గేమ్ గెలుస్తూనే మధ్యలో నాలుగైదు సులువైన బాల్స్ వదిలేస్తే ఇన్నింగ్స్ పెరుగుతాయి, చూడటానికి కష్టపడి గెలిచినట్టుంటుంది. కానీ పక్కన నిజాయితీగా రాసేవాడు కూర్చుంటే ఆ మిస్సులన్నీ డిఫెన్స్ గీతలైపోతాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే, చేసేవాడు ఎవరూ చూడట్లేదనుకుంటాడు, టేబుల్ చుట్టూ ఉన్న పదిమందికీ తెలుస్తూనే ఉంటుంది.

నాకు ఇది దగ్గరగా తగిలింది ఒక బార్‌లో జరిగిన వారాంతపు టోర్నమెంట్‌లో, రెండేళ్ళ కిందట. లీగ్‌కి సంబంధం లేని చిన్న టోర్నమెంట్, ఎంట్రీ నలభై డాలర్లు, లెవెల్ ఎవరికి వాళ్ళు చెప్పి రాయించుకోవడమే. నాకు పడ్డవాడు తను 4 అని రాయించుకున్నాడు, నేనూ 4. సమానం. మొదటి గేమ్ వాడు చేతికందిన బాల్స్ మిస్ చేశాడు, నేను గెలిచాను. తర్వాత మూడు గేములు నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదన్నట్టు ఆడాడు. మూడుకి ఒకటి, అయిపోయింది. ఇంటికి అరగంట డ్రైవ్. ఆ అరగంటా రెండో గేమ్‌లో నేను మిస్ చేసిన 12 బాల్ గురించే ఆలోచించాను, నా స్ట్రోక్ పాడైందేమో, నా స్థాయి వాడే నన్ను అలా కొట్టాడంటే నేను రెండేళ్ళలో నేర్చుకుందేమీ లేదేమో అని. మరుసటి వారం గుంటూరు అన్న చెప్పాడు, వాడు వేరే ఊళ్ళో 7గా ఆడతాడట. నలభై డాలర్లు పోతే పోయాయి, దాని గురించి నాకు బాధ లేదు. వాడు నా ఆట గురించి నాకే ఒక అబద్ధం చెప్పాడు, నేను వారం రోజులు దాన్ని నమ్మాను. 7 చేతిలో ఒక గేమ్ గెలిచి మూడు ఓడితే అది నాకు మంచి రోజు! అదే ఓటమి 4 చేతిలో అయితే చెడ్డ రోజు. ఎదుటివాడి అంకె నిజం కాకపోతే నా ఓటమికి అర్థమే ఉండదు.

అంకె అంటే మార్కు కాదని నాకు అప్పుడే తెలిసింది. మార్కు జరిగిపోయిన పరీక్షకి వేసేది. ఇది రాబోయే ఆట గురించి వేసే అంచనా, రేపు వాన పడే అవకాశం ఎంత అని చెప్పడం లాంటిది. ఈ సంగతి ఇంకా బాగా అర్థమైంది నేను ఆదివారాలు ఆడే రెండో లీగ్‌లో, అక్కడ ఫార్గోరేట్ వాడతారు.

ఉత్తర డకోటా రాష్ట్రంలో ఫార్గో అనే ఊరు ఉంది, అక్కడి ప్రొఫెసర్ మైక్ పేజ్, స్టీవ్ ఎర్న్‌స్ట్ అనే ఆయనతో కలిసి తయారుచేసిన పద్ధతి ఇది. ఇందులో ఇన్నింగ్స్ లేవు, డిఫెన్స్ గీతలు లేవు, ఎవరు ఎన్ని గేములు గెలిచారు, ఎవరి మీద, అంతే. అంకె రెండొందలు, మూడొందల నుంచి ఎనిమిదొందల పైదాకా ఉంటుంది. ప్రపంచ స్థాయి ఆటగాళ్ళు 800 దాటి ఉంటారు. నేను ప్రస్తుతం 430. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: ఇద్దరి మధ్య 100 తేడా ఉంటే పైవాడు రెండు గేములు గెలిచేలోపు కిందివాడు ఒకటి గెలుస్తాడు. 200 తేడా అయితే నాలుగుకి ఒకటి, 300 అయితే ఎనిమిదికి ఒకటి. ఆ లెక్కన 830 ఉన్న ప్రొఫెషనల్‌తో నేను ఆడితే పదిహేడు గేముల్లో ఒకటి నాది. నాకు ఆ ఒకటి కూడా ఆడాలని ఉంది.

చెస్ తెలిసినవాళ్ళకి ఇది తెలిసిన కథలాగే ఉంటుంది. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన అర్పాడ్ ఎలో తయారుచేసిన పద్ధతిని అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే 1970లో తీసుకుంది. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరినప్పుడు మనమందరం పండగ చేసుకున్నామే, ఆ అంకె ఈ కుటుంబానిదే. చెస్‌లో 400 తేడా అంటే పదికి ఒకటి అవకాశం. లెక్క కట్టి చూస్తే ఫార్గో 100 అంటే చెస్ రేటింగ్‌లో 120 తేడా లాంటిది. ఒక పెద్ద తేడా ఏంటంటే, చెస్‌లో నువ్వు ఆడితేనే నీ రేటింగ్ కదులుతుంది. ఫార్గోలో రోజూ అందరి ఆటలూ కలిపి మొదట్నుంచీ మళ్ళీ లెక్క కడతారు. ఒకసారి నేను మూడు వారాలు ఇండియాలో ఉన్నాను, క్యూ ముట్టుకోలేదు, తిరిగొచ్చి చూస్తే నా అంకె మూడు పెరిగింది. నా చేతిలో పోయిన చలికాలంలో ఓడినవాళ్ళు ఈలోగా వేరే వాళ్ళ మీద బాగా గెలిచారు, అంటే నేను ఓడించింది అనుకున్నదానికంటే గట్టివాళ్ళని అని తేలింది. పాత ఆటల బరువు కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది, కొత్త ఆటల మాట ఎక్కువ చెల్లుతుంది. నువ్వెప్పుడూ చూడని మనిషి, మనీలాలోనో బెర్లిన్‌లోనో ఉన్నవాడు కూడా, నీతో ఆడినవాడితో ఆడినవాడితో ఆడినవాడి ద్వారా నీకు చుట్టమే. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే, మనూళ్ళో వరసలు కలుపుకున్నట్టు ఉంటుంది.

కొత్తవాళ్ళకి మాత్రం ఒక జాగ్రత్త. అంకె పక్కన రోబస్ట్‌నెస్ అని ఇంకో అంకె ఉంటుంది, లెక్కలోకి వచ్చిన గేములు ఎన్నో చెప్తుంది. 200 గేములు దాటితేనే ఆ రేటింగ్ స్థిరపడిందంటారు. అప్పటిదాకా మొదట్లో ఎవరో వేసిన అంచనా కూడా కొంత అందులో కలిసే ఉంటుంది. ఇరవై గేములు ఆడి, రేటింగ్ పడిపోయిందని రాత్రి నిద్రపట్టక నాకు మెసేజ్ పెట్టిన ఒక తమ్ముడున్నాడు. ఇరవై గేముల అంకె గురించి టెన్షన్ పడకు తమ్ముడూ, అది ఇంకా నిన్ను చూడనే లేదు.

ఫార్గోలో మ్యాచ్ గెలిచావా ఓడావా అన్నది అసలు లెక్కలోకే రాదు, గేములే. నాకంటే 100 ఎక్కువ ఉన్న ఒకాయన చేతిలో 7–5తో ఓడాను, నా రేటింగ్ పెరిగింది. పన్నెండు గేముల్లో నేను నాలుగు గెలవాలని అంచనా, అయిదు గెలిచాను. ఆయన గెలిచి కూడా కొంచెం తగ్గాడు. మొదటిసారి ఇది చూసి తప్పుగా ఎక్కించారేమో అనుకున్నాను. తర్వాత కాగితం మీద వేసి చూస్తే నూటికి నూరుపాళ్ళు న్యాయం.

కాగితం అన్నాను కాబట్టి, హ్యాండిక్యాప్, అంటే కిందివాడికి ముందే ఇచ్చే వెసులుబాటు, దాని గురించి కూడా ఒక లెక్క చెప్పాలి, చాలామంది తడబడేది ఇక్కడే. నాకూ నాకంటే 100 ఎక్కువున్నవాడికీ మధ్య ఏ వెసులుబాటూ లేకుండా ముందు ఏడు గెలిచినవాడిదే అని పెడితే, వంద మ్యాచ్‌లలో నేను గెలిచేది దాదాపు పది. ఒక్కో గేమ్ చూస్తే మూడింట్లో ఒకటి నాదే, కానీ ఆట పొడుగయ్యేకొద్దీ పైచేయి ఉన్నవాడిదే రాజ్యం. అదే ముందు రెండు గెలిచినవాడిది అని పెడితే నాకు వందలో ఇరవయ్యారు వస్తాయి. అందుకే బార్లలో చిన్న రేసులు పెడితే సంచలనాలు జరుగుతాయి. ఇప్పుడు రెండుకి ఒకటి కదా అని వాడికి ఆరు, నాకు మూడు పెడితే సరిసమానమా? కాదు, వందలో యాభైమూడు నావి, కొంచెం నా వైపే మొగ్గింది. వాడికి అయిదు, నాకు మూడు పెడితే నలభైమూడు నావి. కచ్చితంగా సగం సగం చేసే చిన్న రేసు ఇక్కడ లేదు, ఏదో ఒక పక్కకి కాస్త వంగాల్సిందే. టోర్నమెంట్ పెట్టేవాళ్ళు ఎటు వంచాలో ఎంచుకుంటారు. బాగా ఆడేవాడి కష్టానికి కొంత విలువ మిగలాలి కాబట్టి పూర్తిగా సమం చెయ్యకుండా వదిలేసే చోట్లు ఉన్నాయి. నా మనసుకి అది సబబే అనిపిస్తుంది, నేను కిందివాడిగా ఆడేటప్పుడు కూడా.

రెండు పద్ధతుల్లో ఏది మంచిదని అడుగుతారు. ఏపీఏ పద్ధతి నువ్వు ఎలా ఆడావో చూస్తుంది, అందుకే తక్కువ ఆటల్లోనే నీ గురించి ఏదో ఒకటి చెప్పగలదు, కానీ పక్కన కూర్చుని రాసేవాడి కన్ను, వాడి నిజాయితీ మీద ఆధారపడుతుంది. ఫార్గోకి ఎవరి కన్నూ అక్కర్లేదు, కానీ ఆటలు చాలా కావాలి. దాచుకుని ఆడేవాడికి ఫార్గోలో కష్టం ఎక్కువ: అంకె తగ్గాలంటే నిజంగా గేములు పోగొట్టుకోవాలి, ఊరికే నాలుగు బాల్స్ వదిలేస్తే సరిపోదు. వాడు వేరే ఊళ్ళో ఆడిన టోర్నమెంట్ల ఫలితాలు ఫార్గోకి పంపితే అవి కూడా అదే లెక్కలోకొస్తాయి. నాకు నమ్మకం ఫార్గో మీద ఎక్కువ. కానీ మొదటిసారి క్యూ పట్టుకునే మనిషిని ఒక టీమ్‌లో కూర్చోబెట్టి, ఆ రాత్రే ఆవిడ ఆట టీమ్‌కి అవసరమయ్యేలా చెయ్యడంలో మంగళవారం లీగే నాకు ఇష్టం. 23 రూల్ లేకపోతే ఆ పెద్దావిడని ఏ కెప్టెన్ పిలిచేవాడు?

నా లెవెల్ మారబోతోందని అందరికీ అనిపిస్తున్న రోజుల్లో, వేరే టీమ్ అతను ఒకడు పార్కింగ్‌లో సలహా ఇచ్చాడు. "గెలిచేటప్పుడు కాస్త నెమ్మదిగా గెలువు, రెండు మూడు ఇన్నింగ్స్ పెరిగితే ఇంకో సీజన్ 4గానే ఉంటావు." వాడు మంచి మనసుతోనే చెప్పాడు, మా టీమ్ ఇబ్బంది పడకూడదని. నేను ఆ వారాంతపు టోర్నమెంట్ నుంచి ఇంటికొచ్చిన అరగంట డ్రైవ్ గురించి చెప్పాను. ఇంకో మనిషిని ఆ డ్రైవ్‌కి పంపను అన్నాను. వాడు ఏమీ అనలేదు, క్యూ కేస్ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆ మంగళవారం కెప్టెన్ నాలుగోసారి రాసిన లైనప్ 7, 5, 5, 4, 2. మళ్ళీ 23. మామూలుగా ఆడే 3 లెవెల్ కుర్రాడు కూర్చున్నాడు, వాడి బదులు పెద్దావిడ లేచారు. మామూలుగా ఆవిడకి నెలకోసారి కానీ ఆట రాదు. నాకు ఇంకో 5 పడ్డాడు, చెరో నాలుగు గెలవాలి. నాలుగుకి మూడుతో ఓడాను, ఆఖరి గేమ్‌లో 8 మీద స్క్రాచ్ చేశాను, అంటే తెల్ల బాల్ పాకెట్‌లో పడింది. తర్వాత కుర్చీ లాక్కుని స్కోర్ షీట్ తీసుకుని పెద్దావిడ మ్యాచ్ రాయడానికి కూర్చున్నాను. రెండో ఇన్నింగ్‌లోనే ఆవిడ క్యూ బాల్‌ని మెల్లగా నెట్టి 3 బాల్ వెనక దాచారు. పాకెట్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ డిఫెన్స్ ఆడటం నేను చూడటం అదే మొదటిసారి, గీత పెట్టాను.